బ్లేడు గీత

ఏడు మెట్లు.
లెక్కపెట్టడం వెన్ను విరిగినాక అబ్బిన విద్య నాకు.
అంతకు ముందు యా మెట్టుకూ లెక్కలేదు.

ఎర్రగుంట్ల దాటి పెన్న దిక్కు మళ్ళితే
జొన్నచేల నడుమ సున్నం కొట్టిన దొర బంగళా.
నూటముప్పై ఏండ్లదంట. ఇప్పుడు హోటలు.
గండికోట చూడొచ్చినోళ్ళు పండుకునేదానికి
రాత్రికి ఏడువేలు.
మెట్టుకు వెయ్యి.

మా పాలిషింగ్ ఫ్యాక్టరీకి పాతికేండ్లు నిండాయని
పాత పనోళ్ళకంతా ఈడ భోజనం పెట్టినాడు ఓనరు.
కార్డు మీద నా పేరుకు ముందు 'శ్రీ' కూడా ఉంది.
శ్రీ చిన్న దస్తగిరి, మాజీ కటింగ్ ఆపరేటర్.
రమ్మని రాసినారు గానీ
ఎట్లా ఎక్కాలో యాడా రాయలేదు.

తలపాగాలు చుట్టిన పిల్లోళ్ళు ఉరికొచ్చినారు.
"నలుగురం ఉండాం అన్నా,
కుర్చీతో సహా ఎత్తేస్తాం, గమ్మున కూచో."
మంచి పిల్లోళ్ళే.
చేతుల్లో బలముంది, కండ్లలో జాలి ఉంది.
"నలుగురు మోసే రోజు ఎట్లా ఒకటుంది నాయనా,
దాన్ని ముందుకు జరపాకండి" అన్నా.
నవ్వాలో వద్దో తెలీక
తలపాగాలు సర్దుకున్నారు.

మేనేజరు వచ్చినాడు.
"ర్యాంపు కట్టాలని మాకూ ఉంది సార్,
కానీ ఇది చరిత్ర. దొర వేయించిన రాయి.
ఒక్కటి కదిలించినా అందం పోతుంది."

రాయి అనేసరికి నా వేళ్ళు ఊరుకోలేదు.
మొదటి మెట్టు దాకా తోసుకోని
వంగి, నాపరాయి అంచు తడిమినా.
పదిహేడేండ్లు దీని పిండి పీల్చినోణ్ణి.
ఉలి తిన్న రాయి వేరప్పా,
కోళ్ళు పొడిచిన నేల మాదిరి
వేలి కింద గుంటలు గుంటలుగా తగుల్తుంది.
ఇదేమో నున్నగా ఉంది.
అంచున మాత్రం వెంట్రుకంత వంకర గీత,
జానెడు దూరంలో ఇంకోటి,
ఆ పక్కన ఇంకోటి.

పన్ను ఊడిన బ్లేడు
తిరిగిన ప్రతిసారీ అట్లా కరుస్తుంది.
రెండో నంబరు మిషను.
బ్లేడు మార్చమని మూడు నెలలు మొత్తుకున్నా.
మార్చలేదు.
ఈ గీత నా దస్తూరీ.
ఇంకో ఆరేండ్లకు ఆ మిషను పక్కనే
బండల లోడు జారి నా మీద పడింది.
అది వేరే సంగతి.

"సార్, దొర చచ్చి ఎన్నేండ్లైందో నాకు తెలీదు.
ఈ మెట్లు కోసింది నేను.
పద్నాలుగేండ్ల కిందట, శ్రావణమాసంలో,
కరెంటు వస్తా పోతా ఉంటే."

మేనేజరు టై వదులు చేసుకున్నాడు.
చరిత్ర ఒక్కసారిగా
నా చెమట వాసన వేసినట్టుంది ఆయనకు.

వరండా ఊడుస్తాండే ఓబుళమ్మ
చీపురు ఆపకుండానే అనింది:
"ఆ మూల కుండీల కింద వాలు ఉండాదిలే సామీ.
దొర సారాయి పీపాలు దొర్లించేదానికి
వేయించినాడంట, మా అవ్వ చెప్పేది.
ఫోటోల్లో బాగుండదని పూలు పెట్టినారు."

ఇరవైమూడు బంతి కుండీలు.
ఎత్తినారు నలుగురూ,
నన్ను కాదు, వాటిని.
కింద తడి మన్ను, రెండు జెర్రులు,
ఆ తర్వాత రాయి.
కాలు జారకుండా అడ్డంగా ఉలితో పెట్టిన గంట్లు.
ఆ ఉలి పట్టినోని పేరు యాడా లేదు.
వేలు పెడితే చాలు,
పనోడని తెలిసిపోతుంది.

ఎక్కినా.
గంటు గంటుకూ పండ్లు టకటకా కొట్టుకున్నాయి.
పీపాలు పోయిన దోవన
నిండుగా, ఎవరూ ముట్టుకోకుండా.

లోపల ఓనరు శాలువా కప్పి
ఫోటో కోసం నా ఎత్తుకు వంగినాడు.
సంగటి పెట్టినారు, నాటుకోడి పులుసు.
మజ్జిగ రెండు గ్లాసులు పోసి
"తాగన్నా, ఎండన పడొచ్చినావు" అన్నాడొక పిల్లోడు.
పెదాలు తడుపుకొని పక్కన పెట్టేసినా.

వస్తానే చూసుకున్నా బాత్రూము తలుపు.
ఇరవైరెండు అంగుళాలు.
నా కుర్చీ ఇరవైఐదు.
చేవ దేలిన టేకు, చేత్తో చెక్కిన తీగెలు, ఇత్తడి బందులు.

అది మాత్రం
నిజంగా దొరదే.