మూడు కార్లూ అసిరి పిన్ని మోకాళ్లూ

ఒకే ఏడు పుట్టిన మూడు సెడాన్లు.
ఒకే పొడవు, ధర కూడా అటూ ఇటూగా అంతే.
నెల్లిమర్ల రోడ్డులో తవిటినాయుడి షెడ్డు ముందు
పరీక్ష హాలు బయట పిల్లల్లా
కడిగిన మొహాలతో నిలబడ్డాయి.

కాగితం మీద మూడూ అన్నదమ్ములే.
కాగితానికి నడుముండదు కదా,
అందుకని పిన్నిని తీసుకెళ్లాను.

అసిరి పిన్ని, ఇరవై మూడేళ్లు
విజయనగరం డిపోలో కండక్టరు.
పార్వతీపురం పల్లెవెలుగులో
ఏ మలుపు దాటాక ఏ గొయ్యి వస్తుందో
టికెట్టు చింపుతూ, తలెత్తకుండా చెప్పేది.
రిటైరయ్యాక కూడా
ఎవరికి టీ పోసినా
గ్లాసులో ఒక వేలు వెలితి వదుల్తుంది.

మొదటిది తెల్లది. మెత్తన.
షెడ్డు బయట స్పీడు బ్రేకర్‌ని
వెన్నలో వేలు దింపినట్టు దాటింది.
"సూసినారా అమ్మా, పరుపు!" అన్నాడు తవిటినాయుడు.
పిన్ని ఊ అనలేదు.
చంపావతి వంతెన దాటి ముల్లు ఎనభై మీదకెక్కగానే
ఆ పరుపే ఊగడం మొదలెట్టింది.
గొయ్యి ఎక్కడో వెనకబడిపోయింది,
కారు మాత్రం ఇంకా లేస్తూ, కూర్చుంటూ,
వెళ్లొస్తానని లేచి
గుమ్మంలో గంటసేపు మాట్లాడే చుట్టంలా.
పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
"వాంతుల బండిరా ఇది. కిటికీ కాడ కూకోవాల."

ఎర్రది ఎక్కాం.
ముందు సీట్లో నాకు బాగానే ఉంది,
వెనక్కి తిరిగి చూస్తే
పిన్ని పైన హ్యాండిల్ పట్టుకుని వేలాడుతోంది.
ముందు కూచున్నవాడికో మాట,
వెనక కూచున్నవాళ్లకో మాట చెప్పే బండి.
డబ్బులిచ్చేది వెనక సీటు కదా నాకు.
నా కిరాయిలు సగం వైజాగ్ ఆసుపత్రులకే.
వెళ్లేటప్పుడు నొప్పితో, వచ్చేటప్పుడు కుట్లతో.

మూడోది బూడిదరంగు. గట్టిది.
జూట్ మిల్లు ముందు ప్రతి రాయినీ
పేరు పెట్టి పిలిచింది.
నా పళ్లు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
"ఇది ఒగ్గేద్దాం పిన్నీ."

"ఆపు," అంది.
దిగి, చక్రం దగ్గర వంగలేక,
చెప్పు విప్పి కాలి బొటనవేలితో టైరు నొక్కింది.
"గాలెంతుందో అడుగు."
బంకు కుర్రాడు చూసి, నలభై రెండన్నాడు.
తవిటినాయుడు రామతీర్థం కొండకేసి చూశాడు.
"ముప్పై మూడుకి దింపు.
ఇంత ఊదీసి పంపితే
మనిసైనా గెంతుతాడు, దీన్నేటి అంటాం?"

మళ్లీ అదే రోడ్డు, అవే రాళ్లు.
గొయ్యి తగిలింది.
తగిలి, అయిపోయింది.
దెబ్బని నిజంగా దెబ్బలాగే చెప్పి
మళ్లీ ఎత్తని మనిషిలా ఉంది కారు.
అద్దంలో చూస్తే పిన్ని సీట్లో లేదు.
రెండు చేతులూ ముందు సీటుకి ఆన్చి
జానెడు పైకి లేచి, మోకాళ్లు వంచి,
కళ్లు మూసుకుని నిలబడి ఉంది, తల పైకప్పుకి తగుల్తూ.

"కూకో పిన్నీ!"

"సీటు అబద్దమాడతాదిరా గుంటడా.
ఇన్నేళ్లు ఏ సీట్ల కూకున్నాను నేను?
నిలబడ్డోల్లకి మోకాలే స్ప్రింగు."

ఆ స్ప్రింగులు రెండూ అరిగిపోయాయని
మొన్న పెద్దాసుపత్రిలో ఫిల్ము వెలుగుకెత్తి చూపించారు.
ఎముకకీ ఎముకకీ మధ్య
ఉండాల్సిన బుష్ లేదు.
ఆ సంగతి నాకు తెలుసు. తనకీ తెలుసు.
అయినా జూట్ మిల్లు దాటేదాకా కూర్చోలేదు.

ఆమెని ఇంటి సందులో దింపాను.
డోరు వేసి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చి
బూడిదరంగు రేకు మీద
అరచేత్తో రెండు చరుపులు చరిచింది,
"రైట్ రైట్!"

ఏమీ ఆలోచించకుండానే గేరు వేశాను.
సందు చివర పక్క సీట్లోంచి
తవిటినాయుడు మెల్లగా దగ్గాడు,
"బాబూ, అడ్వాన్సు ఇంకా..."