మంగళవారం, శుక్రవారం

సంతలో ఎద్దును కొంటే
పాత ఇంటి దారి మరిచేదాకా
నెల్లాళ్ళు కట్టేసుకుంటారు.
కారుకీ అలా చెయ్యాలని నాకెవరూ చెప్పలేదు.

విశాఖలో చేతులు మారింది బండి.
తాళాలు రెండిచ్చారు, కాగితాలిచ్చారు.
మొదటిసారి స్టార్టు చెయ్యగానే తెర వెలిగి
నా ఫోను అడిగింది.
ఇచ్చాను. అడిగిందల్లా ఇచ్చాను.

తర్వాత చూస్తే లోపల ఇంకెవరివో పేర్లు:
అమ్మ పాత నంబరు, పాల మనిషి,
గుండె డాక్టరు, ఎత్తొద్దు.
ఆ ఎత్తొద్దు ఎవరో గాని
అతని మీద నాకు ఆ రోజంతా జాలి.

ఒక అర్ధరాత్రి, జీడితోట పక్కన,
ఎవరూ ముట్టకుండానే
బండి రెండు కళ్ళూ తెరిచి మూసింది.
టక్కుమని నాలుగు తలుపుల గొళ్ళాలు.
కుక్క ఒకటే మొరుగు.
మా అమ్మ పసుపునీళ్ళు చల్లి
టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది,
ఐదోది స్టెప్నీకి.

సోంపేటలో తవిటేసు బానెట్టు ఎత్తనేలేదు,
డాష్‌బోర్డు కిందకి చెయ్యి పోనిచ్చి నవ్వీసాడు.
"దెయ్యమేటి బావూ, లోపల సిమ్ము ఉన్నాది.
నువ్వు మాటాడకపోయినా అది మాటాడతాది.
పాతోల్ల ఫోన్లో నీ బండి
ఇంకా ఆల్ల బండే.
తీసీమంటావా?"
వారంటీ పోతుందని నేనే వద్దన్నాను.

నా బాడుగ సంగతి చెప్పలేదు కదూ.
మంగళవారం, శుక్రవారం, తెల్లారగట్ల నాలుగున్నరకి
కవిటి నుంచి పలాస, డయాలసిస్‌కి.
వెనక సీట్లో దాలినాయుడు,
రొయ్యల చెరువు కాపలా మనిషి,
ఎంత ఎండలోనైనా నిండుచేతుల చొక్కా మడవడు.
షావుకారుకి తెలిస్తే పని పోతుంది.
"ఎవులడిగినా బేంకు పనని సెప్పు"
అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.
నా భార్యకి కూడా బ్యాంకనే చెప్పాను.
నా నోరు కుట్టుకున్నాను.
బండి నోరు కుట్టడం మరిచాను.

మొన్న ఆషాఢం ముసురులో, హైవే మీద,
ఫోను బండిలోనే మోగింది.
అతను తువ్వాలు కప్పుకుని సగం నిద్ర.
ఒక ఆడగొంతు, నెమ్మదైనది,
నాలుగు మూలల నుంచీ ఒకేసారి:
"అండీ, మీరు కొన్నది మా కారు.
అప్పుడప్పుడూ ఎక్కడుందో చూస్తుంటాను, అలవాటు పోక.
వారానికి రెండుసార్లు
ఆ ఆస్పత్రి దగ్గర నాలుగేసి గంటలు ఆగుతోంది...
మీ ఇంట్లో ఎవరికండీ, కిడ్నీ?"

చెడ్డగా అడగలేదు.
మావారికీ అదేనంది. ఇప్పుడు లేరంది.
బండి అందుకే అమ్మేశానంది.

వైపర్లు తుడుస్తూనే ఉన్నాయి.
అద్దంలో దాలినాయుడి కళ్ళు తెరుచుకుని
నా వైపు కాదు,
తెర పక్కన వెలిగే చిన్న నీలం దీపం వైపు.
ఎవరామె అని అడగలేదు.
"ఇంకెవులెవులికి తెలుసు?" అన్నాడు.

ఆవిడకి తెలుసు.
ఆవిడ ఫోను కొట్టేసినవాడికి తెలుస్తుంది.
కంపెనీకి తెలుసు,
అది ఎవరికి చెబుతుందో నాకు తెలీదు.
ఆవిడ జాలి వచ్చిన కన్నంలోంచే
దొంగా వస్తాడు.
ఇదంతా పైకి అనలేదు. గేరు మార్చాను.

ఆ మధ్యాహ్నమే తవిటేసు చేత
అగ్గిపెట్టెంత పెట్టెను ఊడదీయించాను.
పేర్లన్నీ ఒక్కొక్కటే చెరిపాను.
ఎత్తొద్దు దగ్గర వేలు కాసేపు ఆగింది.
ఇప్పుడు తెర మీద దారి రాదు.
రాకపోతేనేం, పలాస నాకు తెలీనిదా.
రాత్రిళ్ళు తాళాన్ని మా అమ్మ
రేకు బియ్యండబ్బాలో పెడుతుంది,
దొంగలు గాలిలోంచి తాళం మాట వింటారని
తవిటేసు చెప్పాడట.
నిమ్మకాయలు మాత్రం మానలేదు.

శుక్రవారం నాలుగున్నరకి వెళ్ళాను.
దాలినాయుడు గుమ్మంలో లేడు.
దీపం తగ్గించి, నా మొహం చూడకుండా,
"మొదటి బస్సుకెల్లిపోనాడు బాబూ" అంది ఇంటామె,
"బేంకు పనున్నాదట."