ఉత్తుత్తి పరుగు

ముందు ఉత్తుత్తిగ నడపాలె స్క్రిప్టును.
ఏదీ చెరపొద్దు, ఏదీ జరపొద్దు,
ఏమేం జేస్తదో చెప్పి ఊకుండాలె.
రెండుసార్లు చెయ్యి కాలినంక వచ్చిన బుద్ధి ఇది.

నారాయణపేటల మగ్గాల సందుకు
మా నాయిన మొగులప్ప గేముల షాపే గుర్తు.
మూడు టీవీలు, అందుల ఒకటెప్పుడూ రిపేరుకే.
పది నిమిషాలకు రూపాయి.
గిరాకి ఉన్నప్పుడు కరెంటు ఉండకపోయేది,
కరెంటొచ్చే యాల్లకు పిలగాండ్లు బడిల ఉందురు.
గడియారం చూసుడు నా పని.
ఆడేటోళ్ల ఎన్క నిలబడి
"అయిపోయింది, లే" అనేదాన్ని.

కాసెట్లు పోయినయి, రెండు కంప్యూటర్లొచ్చినయి.
కోఠిల కొన్న సీడీ మీద
తొమ్మిదివేల తొమ్మిదొందల తొంభైతొమ్మిది ఆటలని రాసుండె.
అవీ పోయినయి.
మిగిలింది పట్టుచీర డబ్బల ఒక హార్డ్‌డిస్కు,
కింద జాకెట్టు ముక్క పరిచి.

ఈ ఎండకాలం దాన్ని తెరిచిన.
అన్నిటికీ నాయిన పెట్టుకున్న పేర్లే:
గోడ దుంకేది.
గోడ దుంకేది కొత్తది.
గోడ దుంకేది కొత్తది ఇదే.
చంద్రప్ప కొడుకు అడిగేది.
ఖాజా ఏడ్చిన ఆట.
తుపాకి పనిజెయ్యదు ముందే చెప్పు.

నలభై మూడు లైన్లు రాసిన.
పేరు చూడకు, లోపల చూడు అన్న.
ఒక్కొక్క ఫైలు వేలిముద్ర తియ్యి,
రెండు ముద్రలొక్కటైతే ఒకటుంచు,
జాబితతోని కలిస్తే అసలు పేరు పెట్టు,
కలవకపోతే చెరుపు.

చాయ చల్లారకముందే లెక్క తేలింది.
తొమ్మిదివేల చిల్లరల
నిజంగ ఉన్నయి నాలుగొందల పన్నెండు.
నాయినకు చెప్తే నవ్విండు.
"పిలగాండ్లకు అప్పుడే ఎరుక.
ఎవడన్న పైసలు వాపసడిగిండా?"

జాబితల దొరకనివి ఏడు.
'చెడిపోయిన కాపీ, చెరిపేస్త' అని
ఏడుసార్లు రాసింది స్క్రిప్టు.

పొద్దుగాల మీసేవల నా కుర్సీ ముంగట
గిట్లాంటిదే ఒక మిషినుంటది.
నలభై ఏండ్లు పోగులతికి, రంగుల ముంచి
గీతలరిగిన బొటనవేళ్లు దాని మీద పెడ్తరు.
ఎర్రలైటు.
కొంగుతోని తుడిచి మల్ల పెడ్తరు. ఎర్రలైటు.
"రేపు రా, కాశమ్మవ్వా" అంట నేను.
ఆమె వేలు తిప్పి తిప్పి చూసుకుంటది
అది ఇంకెవరిదో అయినట్టు.

ఏడిట్ల మొదటిది గోడ దుంకేది కొత్తది ఇదే.
తెరిచిన.
మూడో ఆటకాడ గోడ ఉండాలె, లేదు.
నల్లటి బొంద, అండ్ల తెగిన అంకెలు మిణుకుమిణుకు.
అన్నేండ్లు షాపుల నిలబడ్డదాన్ని,
నేను ఆడుడు ఇదే మొదలు.
పోయి సక్కగ అండ్లనే వడ్డ.
"ఆడ జర ఆగి దుంకాలె బిడ్డా," ఎన్క నుంచి నాయిన.
"పేటంతకు ఎరుకే."

మల్ల వడ్డ. మల్ల.
అసలు ఆటల గోడ ఉంటదని చెప్పబోయిన,
నోటిదాకొచ్చింది, మింగిన.
గోడను ఇక్కడెవరూ చూడలె.
ఈ సందు పిలగాండ్లందరు దాటింది ఈ బొందనే.

చెరుపు అన్న లైను కొట్టేసి
నలభై నాలుగోది రాసిన:
దేనితోని కలవనిదాన్ని ముట్టుకోకు,
'రేపు రమ్మన్నవి' అని ఒక ఫోల్డరు జేసి అండ్ల కూసోబెట్టు.
నలభై ఐదు:
నాయిన పెట్టిన పేర్లు పక్క వరుసల దాచు,
అక్షరం దిద్దకు.

ఈసారి ఉత్తుత్తిగ గాదు.
ఎంటరు కొట్టిన.
ఫ్యాను ఒకటే తిరుగుతున్నది, పేర్లు పైకి పారుతున్నయి,
బొంద కాడ నా బొమ్మ ఇంకా నిలబడే ఉన్నది.

నాయిన గోడగడియారం దిక్కు చూసిండు.
నా కుర్సీ మీద చెయ్యేసి
"పది నిమిషాలు అయిపోయింది," అన్నడు, "లే."