తడిసి మోపెడు

బియ్యం డబ్బాలో పాతిపెట్టి తెచ్చింది దోన్యా ఓర్ఫెలిందా,
నాలుగు రోజుల తర్వాత.
మూత తీస్తే అద్దం మీద పురుగొకటి పాకుతోంది.
"బియ్యం నీళ్ళు పీల్చేస్తాయన్నారు" అంది.
పొయ్యి మీద పెడితే పీలుస్తాయి దోన్యా,
డబ్బాలో ఊరికే కూర్చున్న బియ్యం
పక్కింటి గొడవ వినే ముసలాళ్ళ లాంటివి,
అన్నీ వింటాయి, ఏమీ చెయ్యవు.

ఇతాయా నది ఈ ఏడు రెండు వారాలు ముందే లేచింది.
బెలెన్‌లో ఇళ్ళు దుంగల మీద తేలతాయి,
ఆమె కొట్టూ అంతే.
మోటారు పడవ ఒకటి జోరుగా పోయిందట,
అల తన్నిందట,
త్రాసు పక్కనున్న టాబ్లెట్
అరటిగెలల సందులోంచి బుడుంగుమందట.
మనవడు దూకి తీశాడు.
తీసినవాడు ఊరుకోక, బతికుందో లేదో చూద్దామని
చార్జర్ గుచ్చాడు.

అదీ అసలు దెబ్బ.
నీళ్ళు వదిలేసినా
తడి మీద తొందర వదలదు.

హెయిర్ డ్రైయర్‌తో అంచు వేడిచేసి
గిటారు బిళ్ళతో జిగురు కోశాను.
లోపల తెల్లగా ఉండాల్సిన చుక్క
జామపండు గుజ్జులా ఎర్రబడింది.
చార్జింగ్ పిన్ను దగ్గర పచ్చటి చిలుము.
బ్యాటరీ, అలిగిన బుగ్గ.

చెప్పాను:
స్పిరిట్‌తో కడిగితే ముప్పై సోళ్ళు, ఫలితం దేవుడికి తెలియాలి.
బ్యాటరీ అయితే లీమా నుంచి రావాలి,
వచ్చినప్పుడు వచ్చినట్టు.
బోర్డే మార్చాలంటే, ఇక తడిసి మోపెడు,
ఆ డబ్బుకి కొత్తదే వస్తుంది.
"కొత్తదొస్తుంది సరే,
అందులో ఖాతా వస్తుందా?" అంది.

అప్పుడర్థమైంది
పొద్దుట్నుంచీ నా బల్ల దగ్గర ఈ పలకరింపులెందుకో.
వీధి వీధంతా ఇందులో బాకీ.
చేపలమ్మే విల్దోరో రెండుసార్లొచ్చాడు,
గొంతులో పైన దిగులు, అడుగున పండగ.
బొగ్గులమ్మే నెర్సిదా అయితే
"ముసలి ప్రాణం, ఇంకెందుకే కష్టపెట్టడం" అనేసింది.

వాళ్ళనేం అనను. నేనూ బాకీయే.
అరవై సోళ్ళు, నా లెక్కలో.
బ్రష్ పట్టుకున్న చెయ్యి
ఒక్క పిన్నుని కొంచెం గట్టిగా రుద్దితే చాలు
అన్న ఆలోచన వచ్చింది.
రాలేదని చెప్పను.
దోమలా చెవి చుట్టూ తిరిగింది, పోలేదు కూడా.
దాన్ని తిరగనిచ్చి పని చేసుకున్నాను.

రాత్రి వేరేదాని బ్యాటరీకి తీగలు లాగి అతికిస్తే
మూడోసారికి వెలిగింది.
ఒక మూల నల్ల మరక, మిగతా అంతా పేర్లు.
నాది వెతక్కుండా ఉండలేకపోయాను.
సొరాయిదా, రిపేరు పిల్ల: ఎనభై మూడు.
ఎలా?
కిందకి జరిపాను.
కొవ్వొత్తులు. పంచదార. సబ్బు.
మళ్ళీ కొవ్వొత్తులు.
నిమ్మకాయలు నాలుగు, జ్వరం టాబ్లెట్లు ఒక అట్ట.
తమ్ముడు ఎఫ్రాయిన్ వణుకుతూ పడుకున్న వారం అది.
ఆ వారం నేనేం కొన్నానో, అసలు కొన్నానో లేదో
నాకు గుర్తులేదు.
ఆ టాబ్లెట్లు ఈ టాబ్లెట్లో
మునిగి తేలి, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

తెర వణికింది. ఎంతోసేపు నిలవదు.
కంప్యూటరుకి తగిలిస్తే పలకడం లేదు.
పాత నోటుబుక్కు లాగి పెన్సిలుతో
కనబడ్డవి కనబడ్డట్టు దించుకున్నాను.
ముందు నాది,
ధైర్యం జారిపోయేలోగా.
నెర్సిదా పేరు రాస్తుంటే ఆరిపోయింది,
అంకె దగ్గరికి వెళ్ళకముందే.

తెల్లారకుండానే వచ్చింది, నెత్తిన బొగ్గు బస్తా.
"పోయిందా?"
నేను నీళ్ళు నమిలాను.
తర్వాత అడిగాను, "నీకెంత గుర్తుంది?"

బస్తా దించింది.
దాని మీదే కూర్చుని
కాసేపు నది వైపు చూసి
వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.