మూడొందల సెకన్లు

కాజీపేటలో పొద్దున ఏడున్నర.
చిలీలో రాత్రి పది.
స్టూడియో షట్టర్ సగమే లేపి, కింద నుంచి దూరి
కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
నలభై నిమిషాలకు కిరాయి తీసుకున్న టెలిస్కోపు
నేనెన్నడూ ఎక్కని కొండ మీద
నా మాట విని మెడ తిప్పుతోంది.
ఒక పెండ్లి ఆల్బం అడ్వాన్సు దీనికే పోయింది.
ఇంట్లో చెప్పలేదు.

నెబ్యులా పేరు పరుగెత్తే కోడి.
నవ్వకండి,
ఆకాశానికి పేర్లు పెట్టేవాళ్లకూ ఆకలేస్తుంది.

ఒక్కో ఫ్రేముకు మూడొందల సెకన్లు.
ముప్పై ఏళ్లుగా నా పనంతా ఒకటే మాట: కదలకు.
చంటిపిల్లలకు, పెండ్లికొడుకులకు,
పాస్‌పోర్టు ఫోటోలకొచ్చే పోరగాళ్లకు.
ఆ మాట అక్కర్లేని గిరాకీ ఇదే మొదలు.
కదిలేది నా కింది భూమి,
దాన్ని ఒక చిన్న మోటరు సముదాయిస్తోంది.

మొదటి ఫ్రేములో కాగజ్‌నగర్ బండి వచ్చి పోయింది.
రెండోదానిలో చాయ్ చల్లారింది.
మూడోది దిగుతుండగా
బీడీల బుచ్చవ్వ షట్టర్ కింద నుంచి తల పెట్టింది,
పింఛను ఫారానికి ఫోటో కావాలట.

తెర మీద అంతా బూడిద రంగు.
తెల్లటి పొగ నడుమ
నల్లగా ఒక ముద్ద.
"స్కానింగా బిడ్డా? ఎన్నో నెల?"

హైడ్రోజన్ అని చెప్పబోయాను,
ఆరువేల ఏళ్ల కింద బయల్దేరిన వెలుగని,
ఇట్లాంటి ముద్దలు కొన్ని
చుక్కలు కాకుండానే కరిగిపోతాయని.
ఆ చివరి మాట నోటికి రాలేదు.
"ఇంకా తెల్వదవ్వా" అన్నాను.
తెరను తాకకుండా వేలు చూపి
"మంచిగనే ఉన్నది" అన్నది.

రంగు తర్వాత నేనే వెయ్యాలి.
మా నాయన నలుపుతెలుపు ఫోటోలకు
దూదితో రంగులద్దేవాడు.
పోయినోళ్ల బొమ్మ తెచ్చిన ఇంటోళ్లను
చీర ఏ రంగని అడిగేవాడు.
పెద్దబిడ్డ పసుపంటే చిన్నబిడ్డ కాదు, ఆకుపచ్చ.
కొట్లాట తేలక
కొన్ని చీరలు బూడిదగానే మిగిలిపోయాయి.

దీనికి అడగడానికి ఇంటోళ్లు లేరు.
ఎరుపే వేస్తాను. పుస్తకాలూ అదే అంటాయి గానీ
నేను వేసేది నాయన డార్క్‌రూం బల్బు ఎరుపు.
ఆ వెలుగులోనే
నీళ్లల్ల ఉన్న తెల్ల కాగితం మీదికి
మొకాలు మెల్లగా వచ్చేవి.

టైం అయిపోయింది.
అక్కడ టెలిస్కోపు ఇంకెవరి కోసమో అటు తిరిగింది.
బుచ్చవ్వ స్టూలు మీద కూర్చుని
కొంగు సర్దుకుని
ఊపిరి బిగబట్టింది,
నేనింకా ఏమీ అనకముందే.