రసం ఊడిన కాడ

వరంగల్ చౌరస్త వెనక గల్లీల
అద్దాలు కోసే దుకాణం నాది.
వజ్రం మొనతోని ఒక గీత,
బొటనేళ్ల కింద చిన్న ఒత్తుడు,
టప్పుమని ఇరుగుతది.
గీత సక్కగుంటే అద్దం ఏడ్వదు,
అనెటోడు మా ఉస్తాద్ దస్తగిరి.

మొన్న ఒక ముసలామె
పాతచీర పేలికల సుట్టి
మూడు మూలల పెంక తెచ్చింది.
"రసం ఊడింది బిడ్డా, మల్ల పూస్తవా?"
తిప్పి చూసిన. అంచు చూసిన, మందం చూసిన.
ఇసొంటిదే ఒకటి
మా ఇంట్ల దూలం సందుల ఉండె.

మా తాత మొగిలి చెప్పంగ విన్న:
పరకాల దిక్కు ఒక గడికని నిలువెత్తు అద్దం
గడ్డి సుట్టుకొని కాజీపేట టేషన్ల దిగింది,
సముద్రాలు దాటొచ్చిన కొత్త దొరసానోలె.
బండ్లేస్తే ఎడ్లు బెదిరి పలుగుతదని
దొర ఎనిమిదిమందిని ఎట్టికి తోలిండు.
ఎట్టిమనిషి బెదిరినా అడుగు తప్పడని
ఆయినకు తెలుసు.

దారెంట గడ్డి జారింది.
మొగులు వాళ్ల భుజాలెక్కి నడిచింది,
కొంగలు చెవుల పక్కపొంటి ఎగిరినయి.
ఒగ్లాపూర్ దాటినంక దప్పికై దించిర్రు,
ఒక చింతమానుకు ఆనిచ్చిర్రు.

అప్పటిదాక తాతకు తన మొఖం
ముక్కముక్కలె ఎరుక.
కుండ నీళ్లల్ల నొసలు,
కొడవలి మీద ఒక కన్ను.
మంగలి చేతి అద్దం మా వాడకు వచ్చేది కాదు.
వాడల గడ్డాలు వాడల్నె గీసుకునేది,
ఒగనికి ఒగడె అద్దం,
"ఎడమదిక్కు ఇంకింత ఉన్నది రా ఓదెలూ" అనుకుంట.

గా చింతకింద మొదటిపారి
కాలిగోరు నుంచి తలపాగ దాక
ఒక్కతీరుగ కనవడ్డడు తనకు తాను.
వాచిన భుజం చూసి కాదట,
చినిగిన గోచి చూసి కాదట బీరిపోయింది.
"నేను గింత పొడుగుంటనా!"

ఎప్పుడూ వంగే నిలవడ్డోనికి
ఎత్తు ఎవలు చెప్తరు?

అద్దం గడిల నిలిచింది.
చూసుకోను అది వచ్చింది గదా అని
దొరసాని అర్రల కిటికీ పూడ్చి సున్నం కొట్టిచ్చిర్రు.
గీ ముచ్చట తాతది కాదు,
గడిల అంట్లు తోమిన కొమురవ్వది.

సంగపోళ్లు వచ్చిన యేడు గడి తలుపులు కూలినయి.
రాయి ఎవలు ఇసిరిర్రో!
"నేనైతె గాదు" అనెటోడు తాత, మీసం దువ్వుకుంట.
ఇంటికో పెంక.
తండ నుంచి జమ్లి వచ్చి
ఒకటి ఎండకు పట్టి చూసి
"మందం. సూది ఒప్పదు" అని వాపసిచ్చిందట.
ఆమె రైక మీదియి పల్చటియి,
నడుస్తుంటె తొవ్వంత సూర్యుల్ని చల్లుకుంట పోయేది.

బడిల ఉన్నప్పుడు సారు మమ్ముల పాలంపేట తోల్కపోయిండు.
నల్లరాయిల మొఖం కనవడ్తది చూడుర్రి అన్నడు.
కనవడ్డది.
రాయిని గంత నున్నగ రుద్దిన చేతులు మాత్రం
ఎంత వంగి చూసినా కనవడలే.

ఇప్పటి పోరలు ఫోను తిప్పుకొనే చూస్కుంటరు.
నాకు గిరాకి అంత సెలూన్లె.
హన్మకొండల ఎదురుబొదురు బిగిస్త,
నడుమ కూసున్నోడు వందమందైతడు.
పోయిన నెల ఒక ఊర్ల బిగించినంక చాయ్ తెచ్చిర్రు.
వాళ్లకు పింగాణి కప్పులు,
నాకు ప్లాస్టిక్ గిలాస.
అద్దంల అందరం ఉన్నం.
ఎవ్వలం అటు చూడలే.

"పాత రసం అంత గీకాలె అవ్వా,
గీకితె పలుగొచ్చు" అన్న.
"అట్లైతె గీకకు.
మా నాయిన భుజం మీద వచ్చింది అది."
పోదామని లేసి, ఏందో యాదికొచ్చినట్టు
పెంకను మొఖం కాడికి ఎత్తింది.
నాకు నా సగం గడ్డం కనవడ్డది,
పగిలిన నా దుకాణం బోర్డు కనవడ్డది,
రసం ఊడిన కాడ, రూపాయి బిళ్లంత జాగల,
ఆమె కన్ను.

"ఎవలి మనుమనివి బిడ్డా నువ్వు?"