గడప నుంచి కొలత

కాఫీఖానా లేదు, దాని నేల ఉంది.
పాత మోసూల్‌లో, నదికి మూడు సందుల అవతల.
నా చేతిలో టేపు, అట్ట, రెండు పెన్సిళ్ళు.
మళ్ళీ కడతారట, పటం గీయమని పంపారు,
లోపల ఒక్కసారైనా కూచోని నన్ను.

ఆడవాళ్ళు వెళ్ళే చోటు కాదది.
ఏడేళ్ళప్పుడు అమ్మ పంపితే
గడప మీద నిలబడి "బాబా, అన్నం!" అని అరిచేదాన్ని.
పొగలోంచి ఒక చెయ్యి లేచేది
ఇదిగో వస్తున్నా అన్నట్టు.
చెయ్యి ఇంటికొచ్చేసరికి అన్నం చల్లారేది.

ఇవాళ ముసలివాళ్ళొచ్చారు, గుర్తుచేసి చెబుతామని.
ధన్నూన్, మత్తీ, చెవిటి గానిమ్, ఇంకా ఎనిమిదిమంది.
ఇటుకపెళ్ళల మీద తలో చోటా నిలబడి
"నా బల్ల ఇక్కడే, కిటికీ పక్కన" అన్నారు.
రాసుకున్నాను:
కిటికీ పక్క బల్లలు పదకొండు.
పునాది ఒప్పుకునే కిటికీలు రెండు.

"పొయ్యి తూర్పు గోడకి."
"తూర్పున బర్హూమ్ కదరా కూచునేది!
పొయ్యి అక్కడుంటే వాడి వీపు వేగిపోదూ?"
వీళ్ళకి దిక్కులు నాలుగు కావు,
కూచున్నవాళ్ళు ఎందరో అన్ని.
ఫలానా స్తంభం దగ్గర కూలీలు పనికోసం కాచుకునేవాళ్ళు.
ఫలానా మూల, చదువురాని వాళ్ళకి
పేపరు చదివి వినిపించేవాడు మత్తీ,
ధరలు ఉన్నవున్నట్టు, యుద్ధం కాస్త తగ్గించి.
ఊరెళ్ళేవాళ్ళు తాళంచెవులు కాఫీవాడికిచ్చి వెళ్ళేవాళ్ళు.
ఆ మేకుల వరస ఏ గోడకో మాత్రం
ఎవరికీ తెలీదు.

"గోడలకి చెవులుండే రోజుల్లో
డొమినో బిళ్ళలు బల్ల మీద దబదబా కొట్టేవాళ్ళం" అన్నాడు ధన్నూన్,
"మాట మీద చప్పుడు కప్పడానికి.
ఆటెవరికి కావాలి?"
గానిమ్ నవ్వాడు. అతని చెవులు పోయింది
ఆ చప్పుడుకి కాదు.

మేస్త్రీ ఇల్యాస్ శిథిలంలోంచి ఓ మట్టికుండ తీశాడు.
కమాను బరువు తగ్గాలని
కప్పులో ఖాళీ కుండలు బోర్లించి కట్టేవారట.
అన్నీ పగిలి ఇదొక్కటే మిగిలింది.
మత్తీ దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"ఏం లేదమ్మా. మన అబద్ధాలన్నీ పైకే పోయాయనుకున్నా."

పొద్దు వాలుతోంది, పటం తేలలేదు.
ఇల్యాస్ చీపురుతో మట్టి తోస్తుంటే
బూడిదరంగు రాయి ఒకటి బయటపడింది,
మధ్యలో అరిగి, గిన్నెలా లోతు తేలి.
ఎవరూ చెప్పక్కర్లేదు నాకు.
చెప్పులు విడిచి ఎక్కాను. పాదం పెద్దదైంది, అంతే.

ఎడమకి, కొంచెం లోపలికి.
చెయ్యి లేచింది అక్కడ.
లేచినప్పుడు కిందినుంచి ఎర్రగా వెలిగేది,
ఎందుకో ఇన్నేళ్ళూ అనుకోలేదు.
"పొయ్యి అక్కడ" అన్నాను.
పదకొండుమందీ ఒక్కసారి నోరు మూశారు.
తర్వాత బర్హూమ్ వీపు గురించి మళ్ళీ మొదలెట్టారు.

టేపు ఒక కొస గానిమ్ పట్టుకున్నాడు.
గడప నుంచి నాలుగు మీటర్ల పది.
పన్నెండో బల్ల గీశాను,
కిటికీ లేని చోట.